దూది కుక్కిన డబ్బా

నేను ముప్పై బిళ్లల తెల్ల ప్లాస్టిక్ డబ్బాను. గుంటూరు జిల్లాలో ఒక ఇంట్లో బియ్యం డ్రమ్ము అడుగున ఉండేదాన్ని. గలగలమంటే అత్తగారు ఆరా తీస్తుందని నన్ను తెచ్చుకున్నావిడ నాలో దూది కుక్కింది.

ఒక్కో బిళ్లలో మూడు మందులు: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డొల్యూటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. హెచ్‌ఐవీకి ఇచ్చారు. అంతవరకే ఆవిడకి తెలుసు. నాలో పదకొండు బిళ్లలు అయ్యాక మిరప కోతల ముఠాతో వెళ్లింది. ఒకే పాకలో పదిమంది పడుకునే చోట నన్నెక్కడ దాస్తుంది? ఇంట్లోనే వదిలేసింది. రెండు నెలలు.

తిరిగొచ్చేసరికి కళ్లు పసుపు పులిమినట్టున్నాయి. "పసరు పోయించుకోవే" అంది పక్కింటామె. ఆవిడ డ్రమ్ములో చెయ్యిపెట్టి నన్ను తడిమింది. ఈ బిళ్లల వేడికే కామెర్లొచ్చాయనుకుని మళ్లీ బియ్యంలోకి తోసేసింది. ఆ క్షణం తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

వారం తర్వాత తమ్ముడు హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి తీసుకెళ్లాడు. ఏళ్లుగా మందులు వాడుతున్నా ఫైల్లో హెపటైటిస్-బి గడి ఖాళీగానే ఉంది. హెచ్‌ఐవీ ఉన్న వందమందిలో సుమారు ఏడుగురికి ఇదీ ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అలాంటిది, ఒక్క రక్తపరీక్ష ఎవరికీ గుర్తు రాకపోవడమేమిటి! ఆ రోజు చేస్తే ఉన్నట్టు తేలింది.

"బిళ్లలు ఎందుకు మానేశావమ్మా? ఇందులో రెండు మందులు నీ లివర్‌కి కూడా కాపలా. అవి లేకపోయేసరికి ఆ వైరస్ తిరగబడింది" అంది డాక్టరమ్మ.

వైరస్‌లు వేరైనా, ఆర్‌ఎన్‌ఏ చూసి డీఎన్‌ఏ అల్లుకునే పని రెండూ చేస్తాయి. ఆ గొలుసులో టెనోఫోవిర్ కొక్కెం లేని లంకెలా దూరుతుంది. తర్వాతి లంకె తగులుకోదు. కాలేయ కణాల్లో హెపటైటిస్-బి మూలం మాత్రం మిగిలే ఉంటుంది. 2004లో ప్రభుత్వం హెచ్‌ఐవీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, మా ముందుతరం బిళ్లల్లో లివర్ వైరస్‌ని ఆపేది లామివుడిన్ ఒక్కటే. ఒంటరి మందుకి ఆ వైరస్ కొన్నేళ్లలో లొంగడం మానేసేది. అందుకే తర్వాత మందులు మార్చినా టెనోఫోవిర్‌ని ఊరికే తీసెయ్యకూడదని డాక్టరమ్మ ఫైలు మీద రాసింది.

భర్తకీ పరీక్ష చేయించి, లేకపోతే టీకాలు వేయించమన్నారు. మన దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ నుంచే వచ్చింది. ఇంత దగ్గర పుట్టిన టీకా పేరు ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

ఆ రాత్రి తొమ్మిదింటికి ఆవిడ పన్నెండో బిళ్ల తీసుకుంది. దూది మళ్లీ కుక్కింది. ఈసారి నన్ను బియ్యంలో పెట్టలేదు. పనికెళ్లే సంచిలో వేసుకుంది.