క్యారేజీలో గ్రైండరు

మా ఆవిడ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే పిల్లలకు భోజనం పంపుతుంది. మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర పన్నెండు క్యారేజీలు ఉండాలి. అన్నం, పప్పు, కూర, పెరుగు. ఎప్పుడూ ఒక గిన్నె ఎక్కువ పెట్టదు, తక్కువా పెట్టదు. అదే ఇంట్లో ఉంటూ నేను చేసిన ప్యాకింగ్ సంగతి ఇది.

పొద్దున్నే ‘ఇవాళ కూరేంటి ఆంటీ’ అని వరసగా ఫోన్లు. పోపు మాడుతుంటే జవాబు చెబుతున్న మనిషిని చూసి జాలేసి, రియాక్ట్‌లో చిన్న వెబ్ యాప్ రాశాను. ఇవాళ్టి కూర, రేపటి కూర, ధర. అంతే. దాన్ని డాకర్ కంటైనర్‌లో పెట్టి అద్దె సర్వర్‌లో నడిపిస్తానన్నాను. నిజానికి అంత అవసరం లేదు. ఆఫీసులో నాకా పని ఎవరూ ఇవ్వరు, ఆ ముచ్చట ఇంట్లో తీర్చుకుందామని.

ఆ కంటైనర్‌కి మూలమైన ఇమేజ్ తయారైంది. 1.4 జీబీ! అప్‌లోడ్‌కి పెట్టి, నారాయణగూడ చౌరస్తా దాకా నడిచి వెళ్లి పెరుగు ప్యాకెట్లు తెచ్చి, ఆలస్యమైనందుకు తిట్లు కూడా తిన్నాను. ఇంకా ఎక్కుతూనే ఉంది.

“ఏంటండీ అంత బరువు? అందులో ఏం పెట్టారు?”

చెప్పాను. అడుగున లినక్స్, దాని మీద నోడ్, ఆ పైన నోడ్ మాడ్యూల్స్ అనే మహాసముద్రం, బిల్డ్ చేసే సరంజామా మొత్తం.

“పిల్లల ఫోన్లకి వెళ్లేదేది?”

“డిస్ట్ అని ఒక ఫోల్డరు. నాలుగు ఫైళ్లు. ఒక ఎంబీ కూడా ఉండదు.”

“మరి క్యారేజీలో గ్రైండరు పెట్టి పంపడం దేనికండీ?”

నాకు పౌరుషం వచ్చింది. ఇమేజ్ ఎలా తయారు చేయాలో చెప్పే డాకర్‌ఫైల్ చివర ఒక లైను రాసి నోడ్ మాడ్యూల్స్‌ని చెరిపేశాను. ఇమేజ్ ఒక్క కేబీ తగ్గలేదు! కంటైనర్ ఇమేజ్ పొరలు పొరలుగా ఉంటుంది. కింది పొరలో పెట్టినదాన్ని పై పొరలో చెరిపితే కంటికి కనబడకుండా పోతుందే తప్ప బరువు అలాగే ఉంటుంది. మా హాల్లో గోడకి చెమ్మ వస్తే దాని మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలించిందీ నేనే. చెమ్మ ఇంకా ఉంది.

చివరికి దారి దొరికింది. ఒకే డాకర్‌ఫైల్‌లో రెండు అంచెలు: మొదటిదాంట్లో నోడ్ పెట్టుకుని వండడం, రెండోదాంట్లో ఆల్పైన్ మీద ఇంజిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ పెట్టి, వండిన డిస్ట్‌ని మాత్రం అందులోకి వడ్డించడం. ఆల్పైన్ లినక్స్ కొద్ది ఎంబీల అల్పప్రాణి. ఈ రెండంచెల సదుపాయం డాకర్‌లో 2017 నుంచీ ఉంది. నాకు తెలిసింది మొన్న. ఇమేజ్‌లోకి ఏవి రాకూడదో చెప్పే డాకర్ ఇగ్నోర్ ఫైలు కూడా రాయలేదని అప్పుడే బయటపడింది. అంటే అప్పటిదాకా నా ఇమేజ్‌లో మా తిరుపతి ఫొటోలు కూడా ఉన్నాయన్నమాట.

ఇప్పుడు యాభై ఎంబీ చిల్లర. అప్‌లోడ్‌కి కాఫీ తాగినంత సేపు కూడా పట్టలేదు. కాలర్ ఎగరేసుకుని తిరిగాను, ఒక పూట. మర్నాడు ఒక కుర్రాడు ‘రేపటి కూర’ పేజీని రిఫ్రెష్ చేస్తే 404 వచ్చింది. ఆ పేజీ బ్రౌజర్ ఊహే తప్ప సర్వర్లో ఆ పేరుతో ఫైలేమీ లేదు. ఏ చిరునామా అడిగినా దొరక్కపోతే ఇండెక్స్ పేజీయే ఇవ్వమని ఇంజిన్ఎక్స్‌కి చెప్పాలి, నేను చెప్పలేదు. రేపు భోజనం లేదనుకుని ఇద్దరు వేరే మెస్సు చూసుకోబోయారు. వాళ్లని ఆవిడే ఫోన్ చేసి ఆపింది.

అసలు దెబ్బ తర్వాతి సోమవారం తగిలింది. ఆవిడ క్యారేజీ ధర ఎనభై నుంచి తొంభై చేసింది. “ఒక్క నిమిషం” అని కంటైనర్‌కి ధరని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇచ్చి రీస్టార్ట్ చేసి, ఆఫీసుకి వెళ్లిపోయాను. యాప్ నడిచేది పిల్లల ఫోన్లో. కంటైనర్ చెవిలో నేను ఊదిన తొంభై ఆ ఫోన్లకెలా వినిపిస్తుంది? బిల్డ్ నాడే ఎనభై జావాస్క్రిప్ట్‌లో ఉడికిపోయింది. ధర మార్చాలంటే మళ్లీ వండాల్సిందే.

పిల్లలు ఫోన్లు చూపించారు. పన్నెండు క్యారేజీలూ ఎనభైకే వెళ్లాయి. ఆ నూట ఇరవై రూపాయలూ ఆవిడ పాల లెక్కల పుస్తకంలో నా పేరు మీద రాసి ఉన్నాయి.