తడికాలికి పట్టునిచ్చే బండను

నేను కడప బండని. యర్రగుంట్ల వైపు ఒక క్వారీలో పుట్టి, లారీ ఎక్కి దొరవారిసత్రం చేరాను. ఇక్కడొక ఇంట్లో, గడప తీసేసిన స్నానాల గదిలో షవర్ కింద నన్ను పరిచారు.

నేల మీద గడ్డిపోచైనా మొలవని కాలంలో సముద్రం అడుగున సున్నపు బురద పొరలుపొరలుగా పేరుకుని గట్టిపడింది. అదీ నా పుట్టుక. పొర వెంట ఉలి దిగితే పలకలుగా విడిపోతాం. అలా విడినప్పుడు పైకొచ్చే ముఖం నున్నగా ఉండదు, చేత్తో తడిమితే సన్నటి గరుకు తగులుతుంది. నాకు పాలిష్ పట్టలేదు కాబట్టే ఈ చోటు దక్కింది.

ఈ ఇంటి అవ్వకు మోకాళ్ళ నొప్పులు. గడప దాటడం కష్టమైంది కాబట్టి గదంతా ఒకే మట్టానికి తెచ్చి, షవర్‌కు అడ్డుగోడ లేకుండా చేద్దామనుకున్నారు. కోడలికి తెల్లగా అద్దంలా మెరిసే టైల్ మీద మనసు. మేస్త్రీ దుకాణంలోనే రెండు టైల్స్, నన్నూ పక్కపక్కన పరిచి, సబ్బునీళ్ళు పోసి, “చెప్పులిడిచి ఒక్కోదాని మీద నిలబడి చూడు పెద్దమ్మా, నేను పట్టుకుంటా” అన్నాడు. మెరిసేదాని మీద అవ్వ కాలు మోపగానే మడమ పక్కకు పోయింది. “జారతా ఉంది అబ్బయా” అని మేస్త్రీ భుజం పట్టుకుంది. గరుకు మ్యాట్ టైల్ మీదా, నా మీదా గట్టిగా నిలబడింది.

జర్మనీ వాళ్ళు చేసే పరీక్షా దాదాపు ఇదే. సబ్బునీళ్ళు పారుతున్న పలక మీద మనిషిని ఒట్టి కాళ్ళతో నడిపిస్తూ, పలకను కొద్దికొద్దిగా వాలుస్తారు. 12 డిగ్రీల వరకు ఆగితే ఎ తరగతి, 18 అయితే బి, 24 అయితే సి. షవర్ కింద బి తరగతి ఉండాలి. టైల్ పెట్టె మీద కనిపించే ఆర్ 9, ఆర్ 10 అంకెలు వేరు. అవి నూనె పోసిన పలక మీద బూట్లతో నడిచి తేల్చినవి. స్నానానికి బూట్లేసుకుని ఎవరూ రారు గదా! దుకాణం దీపాల కింద కంటికి నచ్చిందని కొనేవాళ్ళను చూస్తే నాకు దిగులేస్తుంది. ఎంచుకోవాల్సింది పాదం.

ఈ ఊళ్ళో ఆ జాగ్రత్త మరింత అవసరం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు. పక్కనున్న నేలపట్టుకు గూడబాతులు వచ్చే ఆ రోజుల్లో స్నానాల గది ఆరనే ఆరదు, పాచి పడుతుంది. ఎంత గరుకు రాయైనా పాచి పట్టాక జారుతుంది. అందుకే రాయి ఎంత ముఖ్యమో వాటం అంత ముఖ్యం. మేస్త్రీ అడుగుకు పావంగుళం వాటం పెట్టాడు. గది నడుమ నీళ్ళు పోయే జాలి పెడితే నలువైపుల నుంచీ వాటం రావాలి, నాలాంటి పెద్ద బండను ముక్కలు చెయ్యాలి. అప్పుడైతే రెండంగుళాల చిన్న టైల్సే మేలు, వాటి సందులు కూడా కాలికి పట్టునిస్తాయి. ఇక్కడ గోడవారన పొడుగు జాలి పెట్టి, వాటమంతా ఒకవైపుకే ఇచ్చారు కాబట్టి నేను నిండుగా మిగిలాను. ఉప్పుగాలికి తట్టుకునేలా ఆ జాలిని 316 రకం స్టీలులో తెప్పించారు.

నన్ను పరిచే ముందు నీరు దిగకుండా పూత పూసి, గదిలో నీళ్ళు కట్టి రెండు రోజులు ఉంచారు. కింద చెమ్మ కనబడలేదన్నాకే సిమెంటు కలిపారు. ఈ పని ఎగ్గొడితే పైన ఏ రాయి వేసినా దండగే.

నాలో లోపం లేదనను. సున్నపురాయిని కాబట్టి యాసిడ్ పడితే నురగలు కక్కి తెల్లబారిపోతాను. నిమ్మకాయ చెక్కతో రుద్దినా మచ్చే. బోరునీళ్ళలో ఉప్పుంటే ఆరిన చోటల్లా తెల్ల చారలు కడతాయి. ఏడాదికోసారి సీలర్ పూత, రోజూ స్నానమయ్యాక వైపర్‌తో ఒక లాగు లాగడం, మెత్తటి సబ్బుతో బ్రష్ పెట్టి కడగడం. ఇంతే నేను కోరేది.

టాయిలెట్ పక్క యాసిడ్ వాడక తప్పదని కోడలు ముందే చెప్పింది. అందుకని ఆ సగానికి మ్యాట్ టైల్ వేయించారు. నా మందం ఎక్కువ, దానిది తక్కువ. మేస్త్రీ దాని కింద మాలు మందంగా పోసి, రసమట్టం పెట్టి చూసి, అవ్వ కాలి బొటనవేలికి తట్టకుండా రెంటినీ ఒకే అంచుకు తెచ్చాడు.