కాటుక తెగులుకు కాంకూన్‌లో పట్టాభిషేకం

పేస్ట్రీల కొట్టు తగాదాకు యుద్ధనౌకలు పంపిన ఘనత ఫ్రాన్సుది. మెక్సికో నగరం పక్కన కొట్టు పెట్టుకున్న రెమోంతెల్ అనే ఫ్రెంచి వ్యాపారి, అక్కడి సైనికాధికారులు తన దుకాణాన్ని ధ్వంసం చేశారనీ, 60 వేల పెసోలు ఇప్పించమనీ సొంత దేశపు రాజుగారికి మొరపెట్టుకున్నాడు. రాజుగారు మిగతా ఫ్రెంచివాళ్ల బాకీలన్నీ కలిపి 6 లక్షల పెసోలకు బిల్లు పంపారు. మెక్సికో ఇవ్వనంది. 1838లో వేరాక్రూజ్ రేవు మీద ఫిరంగులు పేలాయి. ఆ పోరులో జనరల్ శాంటా అన్నాకు కాలు పోయింది. పోయిన కాలికి తరవాత సైనిక లాంఛనాలతో ఖననం కూడా జరిగింది. చరిత్ర పుస్తకాల్లో దీని పేరు పేస్ట్రీ యుద్ధం. ఫ్రెంచి తిండి పేరుతో మెక్సికో నేల మీద పడిన పెద్ద బిల్లుల్లో అది మొదటిది. తాజాది ఈమధ్య కాంకూన్‌లో మా బావమరిది కట్టాడు.

బావమరిది ఉండేది డాలస్. అక్కడి తెలుగువాళ్లకు సెలవులు దొరికితే కాంకూనే. పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికో వీసా అడగరు. విమానం ఎక్కితే మూడు గంటల్లో సముద్రం. పత్రికలు చదివేవాళ్లకు ఈ ఊరి పేరు 2003లోనే పరిచయం. ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రులంతా కూడి, వ్యవసాయ సబ్సిడీల గురించి ఏమీ తేల్చకుండా లేచి వెళ్లిపోయింది ఇక్కడినుంచే. 1970 ప్రాంతంలో ఇక్కడ ఇసుకా, కొబ్బరిచెట్లూ, కొందరు జాలర్లూ ఉండేవారు. డాలర్లు రాలే చోటు కోసం వెతికి వెతికి ఈ తీరాన్ని ఎంపిక చేసింది మెక్సికో కేంద్ర బ్యాంకు అధికారులు. 1974కల్లా హోటళ్లు తెరిచారు. బ్యాంకువాళ్లు గీసిన బీచి కాబట్టి అలలు కూడా వడ్డీ లెక్కల్లాగే ఆగకుండా వస్తుంటాయి.

మేం వెళ్లిన రిసార్టులో దిగగానే చేతికి ఒక పట్టీ కడతారు. ఆ పట్టీ ఉన్నవాడు పొద్దున్నుంచి రాత్రిదాకా తినవచ్చు, తాగవచ్చు, మళ్లీ తినవచ్చు, ఎవరూ పైసా అడగరు. ఆ పట్టీ మాట చెల్లని గది ఒకటే ఉంది: ఫ్రెంచి-మెక్సికన్ ఫ్యూజన్ రెస్టారెంటు. దానికి వేరే రుసుం, వేరే రిజర్వేషన్, వేరే బట్టలు. నిక్కరుతో వచ్చిన మగవాణ్ణి గుమ్మంలోనే ఆపుతారు. మెక్సికో చట్టం ప్రకారం బీచి మొత్తం దేశ ప్రజలది, ఎవడైనా నడవచ్చు. దానికి ఆనుకుని ఉన్న గదిలోకి వెళ్లడానికి మాత్రం మోకాళ్లు కప్పుకోవాలి. బావమరిది రిసార్టు దుకాణంలోనే ప్యాంటు కొన్నాడు. ఆ ప్యాంటు ధరలో మా ఊళ్లో పెళ్లికొడుకుని తయారుచేయవచ్చు.

ముందుగా ఒక నల్లరాయి వచ్చింది. రాయి మధ్యలో బొటనవేలి గోరంత మొక్కజొన్న అప్పచ్చి, దాని మీద ఒక చుక్క, చుక్క మీద ఒక ఆకు. మా చెల్లెమ్మ, అంటే బావమరిది భార్య, ఫోటో తీసుకునేలోగా మా మేనల్లుడు దాన్ని మింగేసి, "భోజనం ఎప్పుడు పెడతారు?" అన్నాడు. వాడికి ఆరేళ్లు. ఆ రాత్రి అక్కడ అడగవలసిన ప్రశ్న అడిగినవాడు వాడొక్కడే.

తరవాత క్రెప్. అంటే గోధుమపిండి పల్చటి అట్టు. లోపల నల్లగా, జిగురుగా ఏదో కూర. పేరు విట్లకోచే అన్నాడు వెయిటరు. ఏమిటయ్యా అది అంటే, మొక్కజొన్న కంకికి పట్టే బూజు అన్నాడు గర్వంగా. మన రైతుకు ఇలాంటిది బాగా తెలుసు. జొన్నకు పడితే కాటుక తెగులు అంటాడు, తిట్టుకుంటాడు, మందు కొడతాడు, మరీ ముదిరితే వ్యవసాయాధికారి చుట్టూ తిరుగుతాడు. మెక్సికో రైతు తరతరాలుగా దాన్ని కోసి, వేయించి, రొట్టెలో చుట్టుకుని తింటున్నాడు. మంచి పనే. రుచి కూడా పుట్టగొడుగుకు దగ్గరగా ఉంటుంది, నేను వంక పెట్టను. అయితే రైతు రొట్టెలో ఉన్నంతకాలం దాన్ని పేదవాడి తిండి అన్నారు. ఫ్రెంచి అట్టులో చుట్టాక దానికి పట్టాభిషేకమైంది.

ఈ ఫ్రెంచి మోజు కాంకూన్‌లో పుట్టిన రోగం కాదు. 1862 మే 5న పుయెబ్లా ఊరి దగ్గర మూడో నెపోలియన్ సైన్యాన్ని మెక్సికన్లు తరిమికొట్టారు. ఆనాడు అక్కడ ప్రాణాలొడ్డి పోరాడిన సేనానుల్లో పోర్ఫీరియో డియాజ్ ఒకడు. ఫ్రెంచివాళ్లు మళ్లీ వచ్చి, మాక్సిమిలియన్ అనే ఆస్ట్రియా రాకుమారుణ్ణి చక్రవర్తిగా కూర్చోబెట్టారు. 1867లో మెక్సికన్లు ఆయన్ని కాల్చిచంపారు. తరవాత డియాజ్‌గారే అధ్యక్షుడై దశాబ్దాలు ఏలాడు. 1910లో స్వాతంత్ర్య శతాబ్ది విందులు ఇచ్చాడు. వడ్డించింది ఫ్రెంచి వంటకాలు, పోసింది ఫ్రెంచి మద్యం, అచ్చేసింది ఫ్రెంచి మెనూ. అదే ఏడాది విప్లవం మొదలైతే, మరుసటి ఏడాది దేశం విడిచి పారిస్ చేరి, 1915లో అక్కడే కన్నుమూశాడు. సమాధి కూడా అక్కడే. కత్తి పట్టినప్పుడు ఓడించినవాడికి ఫోర్కు పట్టినప్పుడు లొంగిపోయాడు.

మాకు వడ్డించిన కుర్రాడిది ఆ పుయెబ్లానే. మూడో ప్లేటుగా బాతు మాంసం, దాని కింద మోలే తెచ్చాడు. మోలే అంటే ఎండుమిరప రకాలు, నువ్వులు, వేరుశనగ, బాదం, దాల్చినచెక్క, కాస్త చాక్లెట్టు, ఇంకా ఎన్నో వేయించి నూరి ఉడికించిన ముద్దకూర. మెటాటె అనే సన్నికంటి మీద చేతులు నొప్పెట్టేలా నూరితే తప్ప అసలు రుచి రాదట. మెనూలో మాత్రం షెఫ్ ఏ ఫ్రెంచి వంటశాలలో తర్ఫీదు పొందాడో నాలుగు వాక్యాలున్నాయి. మోలే ఎవరు నూరారో లేదు. కుర్రాణ్ణి అడిగితే నవ్వి, వాళ్ల అమ్మమ్మ చేసేది దీనికన్నా బాగుంటుందని గొంతు తగ్గించి చెప్పాడు. సూపర్‌వైజరు వింటే ఉద్యోగం పోతుందేమో. డ్యూటీ అయ్యాక ఈ కుర్రాళ్లంతా బస్సెక్కి, హోటళ్ల వరస దాటి, ఊళ్లోని తమ గదులకు పోతారు. పర్యాటకుల ఫోటోల్లో ఆ ఊరు కనిపించదు.

ప్లేటు అంచున నారింజరంగు చుక్కలు మూడున్నాయి. హబనేరో, కారం, జాగ్రత్త అన్నాడు కుర్రాడు. "మాది గుంటూరు జిల్లా" అన్నాడు బావమరిది, మూడూ ఒకే వేలితో లాగేశాడు. మిరపకాయ పుట్టిల్లు మెక్సికో నేల. పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చి మన ఒడిలో పోసింది ఐదు శతాబ్దాల కిందట. ఆ గడ్డ మీద కారం గొప్పలు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. బావమరిది దగ్గడం కూడా అప్పుడే మొదలుపెట్టాడు.

ఆఖర్న వెనిలా కస్టర్డ్, పైన పగలగొట్టి తినే చక్కెర పెచ్చు. వెనిలా మెక్సికోది. చాక్లెట్టు మెక్సికోది. టమాటా, అవకాడో, మొక్కజొన్న, మిరప అక్కడివే. మొత్తం లెక్క చూస్తే ఈ కలయికలో ఫ్రాన్సు వాటా కాస్త వెన్న, పెద్ద ప్లేటు, చిన్న వడ్డన, బిల్లు. 2010లో యునెస్కో ఒకే విడతలో ఫ్రెంచివాళ్ల విందు సంప్రదాయాన్నీ మెక్సికో వంటనూ తన వారసత్వ జాబితాకెక్కించింది. కాగితం మీద ఇద్దరూ సమానమే. రేటు కార్డు మాత్రం యునెస్కో వెయ్యలేదు.

మర్నాడు రాత్రి ఊళ్లోకి పోయి వీధి బండి దగ్గర అల్ పస్తోర్ టాకోలు తిన్నాం. లెబనాన్ నుంచి వలస వచ్చినవాళ్ల షవర్మా చువ్వకు మెక్సికో పంది మాంసం, మిరప మసాలా, పైన అనాసపండు. సిసలైన ఫ్యూజన్. నిక్కర్లతోనే పెట్టారు. 2024లో మెక్సికో నగరంలో నిలబడి తినే ఒక బుల్లి టాకో కొట్టుకు ఫ్రెంచి టైర్ల కంపెనీ మిషెలిన్ నక్షత్రం ఇచ్చింది. దాంతోపాటు పొడుగు చేతుల తెల్లకోటు కూడా తెచ్చిస్తే, పొయ్యి సెగకు వంటమనిషి దాన్ని తొడుక్కోనేలేదు.

మా మేనల్లుడు నాలుగో టాకో మీద ఉండగా బావమరిదికి జ్ఞానోదయమైంది.

"బావా, డాలస్‌లో ఒకటి పెడదాం. పెద్ద ప్లేటు మధ్యలో నిమ్మకాయంత రాగిసంకటి. చుట్టూ నాటుకోడి పులుసు, చుక్కలు చుక్కలుగా. ఎంత పెట్టొచ్చంటావు?"

"సంకటి గెలికేదెవరు?" అంది చెల్లెమ్మ. "నేనేగా? మెనూలో నా పేరు వేయిస్తావా?"

"నీ పేరేస్తే పన్నెండు డాలర్లు దాటదే," అన్నాడు. "ఎవడైనా ఫ్రెంచివాడు దొరుకుతాడేమో చూడాలి."