కూలి పెరిగితే మగపని

మార్చి 8న మన ఇంజినీరింగ్ కాలేజీల్లో మహిళా దినోత్సవం ఎలా జరుగుతుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పొద్దున్నే ముగ్గుల పోటీ. పదకొండింటికి నిప్పులేని వంటల పోటీ. భోజనాలయ్యాక ముఖ్య అతిథి ప్రసంగం. "అమ్మాయిలూ, మీరు అంతరిక్షంలోకి దూసుకుపోవాలి!" అని ఆయన మైకు అదిరేలా పిలుపునిస్తారు. ముగ్గుల్లో ఫస్టొచ్చిన మెకానికల్ బ్రాంచి అమ్మాయికి స్టీలు క్యారేజీ బహూకరిస్తారు. అంతరిక్షంలో మెస్సు ఉండదు కదా, ముందుచూపు!

అదే అతిథిగారింట్లో రెండో అమ్మాయి ఇంజినీరింగ్ ఎంట్రన్స్ రాసి "నాన్నా, మెకానికల్ తీసుకుంటా" అందనుకోండి. "గ్రీజు పూసుకుని ఏం తిరుగుతావమ్మా? కంప్యూటర్స్ తీసుకో. ఏసీలో కూర్చోవచ్చు, సంబంధాలూ తేలిగ్గా కుదురుతాయి" అంటారు. ఐటీఐ దరఖాస్తుల దగ్గరా ఇదే వరస. ఆడపిల్ల పేరు కొట్టగానే నెట్ సెంటర్ కుర్రాడు మౌసును కోపా (కంప్యూటర్ ఆపరేటర్), కుట్టుపని ట్రేడుల దగ్గర ఆపేస్తాడు. ఫిట్టర్, డీజిల్ మెకానిక్ దాకా పోనివ్వడు. అదేమని అడిగితే "అవి మనకెందుకులే చెల్లెమ్మా" అంటాడు. తోడబుట్టినవాడికైనా ఇంత శ్రద్ధ ఉండదు.

ఏది మగపని, ఏది ఆడపని అన్నది ఒంట్లో బలాన్ని బట్టి తేలిందని పెద్దలంటారు. సరే, పొలానికే వెళ్దాం. మోకాలి లోతు బురదలో పొద్దస్తమానం నడుం వంచి నాట్లు వేసేది ఆడవాళ్లు. నాటు యంత్రం వచ్చింది. ఇక నడుం వంచక్కర్లేదు, సీట్లో కూర్చుని నడిపితే చాలు. ఆ సీటెక్కింది మాత్రం మగాయన! బలం అవసరమైనంత కాలం ఆడపని, అవసరం తీరిపోయాక మగపని.

వంటకొద్దాం. ఇంట్లో నలుగురికి వండితే ఆడపని. పెళ్లిలో వెయ్యిమందికి వండి, ప్లేటుకింతని బిల్లు వేస్తే మగపని. బాగా వండితే నలభీమ పాకమంటాం, వాళ్లిద్దరూ మగాళ్లే. ఇంట్లో చిరుగు కుడితే ఆడపని, బజార్లో లేడీస్ టైలర్ బోర్డు కింద కుడితే మగపని. హిందీ సినిమా రంగంలో మేకప్ సంఘమైతే ఆడవాళ్లకు మేకప్ ఆర్టిస్టు కార్డే ఇచ్చేది కాదు. జుట్టు దువ్వొచ్చుగానీ ముఖానికి రంగు పూయకూడదట. ఇది చెల్లదని చెప్పడానికి 2014 నవంబరులో సాక్షాత్తూ సుప్రీంకోర్టు పూనుకోవాల్సి వచ్చింది.

సూత్రం అర్థమైంది కదా? ఊరికే చేస్తే ఆడపని. తక్కువ కూలికైతే ఆడకూలీల పని. యంత్రమో, రేటో, బోర్డు మీద పేరో వచ్చిందా, అప్పుడది మగపని.

చట్టానికీ ఆడవాళ్లంటే మహా జాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా వాళ్లను పనిలో పెట్టుకోవద్దంది. మరి అదే రాత్రి ఆస్పత్రి వార్డుల్లో సెలైన్లు మారుస్తూ తెల్లవార్లూ తిరిగే నర్సమ్మల సంగతో? చీకటి వాళ్లకు అలవాటేనని సరిపెట్టుకున్నట్టున్నారు. గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లోగానీ ఆ గేటు తెరుచుకోలేదు.

ఇక ఆర్టీసీ. స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయమని, వాళ్ల సీట్లలో వాళ్లనే కూర్చోనిద్దామని బస్సుల్లో రాసి ఉండేది. డ్రైవర్ సీటు ఆ లెక్కలోకి వస్తుందని ఎవరికీ తోచలేదు. ఉమ్మడి నల్గొండ జిల్లా తండాలో పుట్టిన సరిత 2015లో ఢిల్లీ వెళ్లి అక్కడి ప్రభుత్వ రవాణా సంస్థలో తొలి మహిళా డ్రైవరయింది. తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబరులో మొదలైంది. సరితకు సొంత రాష్ట్రం ఆర్టీసీలో స్టీరింగు దొరికింది 2025లో. అక్కడా ఆమే తొలి మహిళా డ్రైవర్. టికెట్ డబ్బులు లేకుండా ఎక్కించుకోవడం తేలిక, తాళంచెవి చేతికివ్వడమే కష్టం.

ఇంతకీ అబ్బాయిలను ప్రోత్సహించేదెవరు? "బాబూ, నువ్వు నర్సింగ్ చదువు" అని పిలుపునిచ్చిన ముఖ్య అతిథిని నేనింతవరకు చూడలేదు. ఏఎన్ఎం కోర్సు ఆడవాళ్లకే. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో మగవాళ్ల వాటాను 20 శాతంగా పెట్టారు. ఎలాగో గట్టెక్కి ఉద్యోగం తెచ్చుకున్నా ఆ అబ్బాయి పెళ్లిళ్ల పేరయ్య దగ్గర దొరికిపోతాడు.

"అబ్బాయి ఏం చేస్తాడండీ?"

"హాస్పిటల్లో అండీ."

"డాక్టరా?"

"ఆ పక్కనే అండీ."

అదే అబ్బాయి జర్మన్ నేర్చుకుని అక్కడి ఆస్పత్రిలో చేరాడా, బయోడేటాలో నర్సు మాయమై "జర్మనీ సంబంధం" అవుతుంది. సూత్రం మళ్లీ పనిచేసింది చూశారా! వేదిక మీదా అంతే. కూచిపూడి కళాకారుడు వేదాంతం సత్యనారాయణ శర్మగారు జడ వేసుకుని సత్యభామగా వస్తే కళ్లప్పగించి చూశాం. 1970లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. పక్కింటాయన బడికెళ్లే కూతురికి జడ వేస్తే మాత్రం "పాపం, ఇంట్లో ఆవిడ లేదా?" అని ఆరా తీస్తాం.

నిజమైన ప్రోత్సాహం ఎలా ఉంటుందో ఎనభై ఏళ్ల కిందే ఒక తెలుగు కుటుంబం చూపించింది. అయ్యలసోమయాజుల లలితకు పదిహేనేళ్లకు పెళ్లి, పద్దెనిమిదేళ్లకు వైధవ్యం, చేతిలో పసిపాప. తండ్రి పప్పు సుబ్బారావు మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. ఆయన కూతురికి ధైర్యం నూరిపోసి ఊరుకోలేదు, ప్రిన్సిపాల్ దగ్గరికెళ్లి సీటడిగారు. ఆ వెనక మరో ఇద్దరమ్మాయిలు చేరారు. ఎలక్ట్రికల్ ఇంజినీరై బయటికొచ్చిన లలిత భాక్రానంగల్ ప్రాజెక్టుకూ పనిచేశారు.

అందుకని హెడ్మాస్టర్లకూ ప్రిన్సిపాళ్లకూ ఒక మనవి. అమ్మాయిలకు ధైర్యం చెప్పడం కాస్త తగ్గించి డీజిల్ మెకానిక్ వర్క్‌షాపు దగ్గర వాళ్లకు టాయిలెట్ ఉందో లేదో చూడండి. హాస్టలుందో, ఆఖరి బస్సెన్నింటికో కనుక్కోండి. పాసైన అమ్మాయిని పనిలో పెట్టుకునే షెడ్డుతో ముందే మాట్లాడి పెట్టండి. తల్లిదండ్రులకూ ఒక మాట: మీవాడు నర్సింగ్ చదువుతానంటే ఫీజు కట్టండి, చుట్టాలడిగితే నర్సనే చెప్పండి.