పరువు, పరుగు

మన సీమలో గౌరవనీయుడగు గృహస్థుడు పరుగెత్తుటకు లోకసమ్మతములైన సందర్భములు మూడే గలవు: బస్సు కదలినప్పుడు, కుక్క వెంటబడినప్పుడు, పెండ్లిభోజనమున తుదిపంక్తికి విస్తళ్లు పఱచినప్పుడు. ఈ మూడింటిలో నేదియు గాక, ఆరోగ్యమను కంటికి కనబడని కారణముచేత, ఏబదియవ పడిలో పడిన యొక సంసారి మోకాళ్లు కనబడు లాగు తొడిగి, తెల్లవారకమునుపే నంద్యాల వీధులలో పరుగెత్తదలచినయెడల, అతని గుండె బలపడుట తరువాతి మాట, ముందుగా అది గట్టిదై యుండవలెను.

నేను పరుగు మొదలుపెట్టిన క్రొత్తలో పాలు పోయువాడు మోటారుసైకి లాపి, “ఏం సార్, యాడికి ఉరుకుతాండారు? ఇంట్లో అందరూ బాగుండారు గదా?” అని పరామర్శించెను. టీ అంగడి ముందర బల్లపై కూర్చుండు పెద్దాయన నా ముఖమును గాక నా వెనుకనున్న వీధిని నిదానించి చూచి, “ఎవురన్నా ఎంటబడినారా నాయనా? భయపడాకు, ఈడ మనోళ్లే ఉండారు” అని అభయ మొసగెను. సినిమాలవారు మా సీమకు అంటగట్టిన కీర్తి అట్టిది. తెరమీద చూచి చూచి, పరుగెత్తువాడు కనబడగానే తరుమువా డెక్కడ అని వెదకుట మాకే అలవాటైపోయినది. చక్కెరవ్యాధి తరుముచున్నదని ఆయనకు చెప్పితిని. “అదా! అది నాకూ ఉండాది. నేనేమన్నా ఉరుకుతాండానా?” అని ఆయన టీలో మరియొక చెంచా చక్కెర వేయించుకొనెను.

విచారింపగా, మనవారి పరుగునకు అడ్డుపడునది కాళ్ల నొప్పి గాదు, పరువు. కూర్చుండుట పెద్దఱికము, నడచుట అవసరము, పరుగెత్తుట ఇంకొకరి యుద్యోగము. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి మా ప్రాంతము మీదుగానే పోవుచు అహోబిలమును, మహానందిని సేవించి, ఆ ప్రయాణమునంతయు దినచర్యగా వ్రాసి యుంచిరి. అది 1838లో అచ్చుపడి నేటికిని మనకు కాశీయాత్ర చరిత్రమై నిలిచి యున్నది. వారు పల్లకిలో పోయిరి. బోయీలు కాళ్లతో పోయిరి. పల్లకిలోనివారికి యశస్సు, బోయీలకు పిక్కబలము దక్కినవి. మనుష్యుల మాట యేల? అహోబిలస్వామియే కనుమనాడు మొదలుకొని నలుబదిదినములకు పైబడి ఆళ్లగడ్డ పరిసరగ్రామములు తిరిగి తన కల్యాణమునకు ప్రజలను పిలుచుకొను పార్వేట ఉత్సవమున పల్లకి దిగి యొక్క యడుగైన వేయడు గదా! ఆయన దేవుడు, ఆయనకు చెల్లును. ఆయనను చూచి, చక్కెర పరీక్షాపత్రము చేతబట్టుకొన్న మనము గూడ కూర్చుండియే తిరుగుదు మనుట సాహసము.

ఈ కూర్చుండువానికిని తిరుగువానికిని గల భేదమును లెక్కగట్టి చూపినవాడు జెర్రీ మోరిస్ అను బ్రిటిషు వైద్యుడు. లండను నగరపు రెండంతస్తుల బస్సులలో ఆ దినములలో డ్రైవరు దినమెల్ల కూర్చుండెడివాడు, కండక్టరు దినమునకు వందలకొలది మెట్లు ఎక్కి దిగెడివాడు. ఇరువురిది ఒకే బస్సు, ఒకే పొగ, ఇంచుమించు ఒకే జీతము. అయినను గుండెపోట్లు డ్రైవర్లకు ఎక్కువగను, కండక్టర్లకు తక్కువగను వచ్చుచున్నవని ఆయనయు ఆయన సహచరులును 1953లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. మన ఆర్టీసీ బస్సునకు పైయంతస్తు లేదని కొందఱు చింతింతురేమో. కార్తిక సోమవారమునాడు మహానంది బస్సులో వెనుకవాకిలి నుండి ముందునకు టిక్కెట్లు కొట్టుకొనుచు రాగలిగిన కండక్టరునకు మెట్లతో పని లేదు.

కార్తికమన గుర్తునకు వచ్చినది. నంద్యాల చుట్టునున్న నవనందులను ఆ మాసమున ఒక్క దినములో, సూర్యుడు క్రుంకులోపల దర్శింపవలెనని పెద్దలు పెట్టిన నియమము వట్టి భక్తిమార్గమని నే నిన్నాళ్లు తలచుచుంటిని. పట్టణములోని ప్రథమనంది మొదలు నల్లమల పాదమునగల మహానంది దాక బండిదారులవెంబడి కాలినడకను తొమ్మిదింటిని చుట్టవలెనన్న, నడకతో తీరదు, నడుమనడుమ పరుగును కలుపవలసినదే. పుణ్యము పేర దేహమును కదలించు ఈ యుపాయమును మనము ఆటోలు మాట్లాడుకొని వమ్ము చేసితిమి. పుణ్యము యథాప్రకారము వచ్చుచునే యుండవచ్చును. పొట్ట గూడ యథాప్రకారముగనే యున్నది.

పరుగెత్తునప్పుడు లోపల జరుగునదేమో నాకు వైద్యుడొకడు ఓపికతో బోధించెను. కండరములు పనిచేయునప్పుడు రక్తములోని చక్కెరను ఇన్సులిన్ సిఫారసు కొఱకు వేచియుండకయే లోనికి లాగుకొనును. కావున ఇన్సులినునకు మొండికేసిన శరీరము గూడ పరుగునకు మాట వినును. గుండె యొక్కొక్క తడవకు ఎక్కువ రక్తమును త్రోయ నేర్చుకొనును, అందుచేత విశ్రాంతివేళ తక్కువ సారులు కొట్టుకొనిన చాలును. ఎముకలు బరువునకు ఓర్చి గట్టిపడును. మోకాళ్లు అఱుగునని మనవారు ప్రదర్శించు భయము మాత్రము నిరాధారము. మితముగా పరుగెత్తువారికంటె కూర్చుండిపోయినవారికే కీళ్ల అఱుగుదల ఎక్కువగా కనబడినది. అమెరికాలో 55,137 మందిని సుమారు 15 సంవత్సరములు కనిపెట్టి చూచి 2014లో ప్రకటించిన పరిశోధనయందు, దినమునకు అయిదుపది నిమిషములు మెల్లగా పరుగెత్తువారికి సైతము, పరుగెత్తనివారితో పోల్చినపుడు, మరణాపాయము సుమారు మూడవవంతు తక్కువగా నున్నది. అయిదు నిమిషములు! మావీధిలో పంపువద్ద బిందె వంతునకు జరుగు వాదము అంతకంటె దీర్ఘమైనది.

మనస్సు సంగతి ఇంకను విచిత్రము. పరుగు ముగిసిన పిమ్మట కలుగు తేలికదనమునకు ఎండార్ఫిన్లు కారణమని చిరకాలము చెప్పుకొనిరి. ఆ పదార్థములు రక్తమునుండి మెదడులోనికి సులభముగా చొరలేవని గమనించి, నేడు పలువురు శాస్త్రజ్ఞులు దేహము తనంతట తాను తయారుచేసికొను ఎండోకానబినాయిడ్లకు, అనగా గంజాయికి దగ్గఱిచుట్టములైన పదార్థములకు, ఆ ఘనతను కట్టబెట్టుచున్నారు. ఆబ్కారీవారు పట్టుకొనజాలని గంజాయి ఇదొక్కటే యని నా యభిప్రాయము. నిద్ర కుదురుకొనుట, దిగులు సన్నగిలుట వైద్యులు చాలకాలమునుండి ఒప్పుకొన్న ఫలములే. మా యింట ఈ శాస్త్రమును ప్రయోగించునది నా భార్య. విద్యుచ్ఛక్తి బిల్లు మీదనో, బావమఱది మీదనో నా స్వరము హెచ్చిన మఱుక్షణము ఆమె బూట్లను గుమ్మమువద్ద పెట్టి, “ఏమండీ, ఇంగో రౌండు పోయిరాపోండి, మళ్ల మాట్లాడుకుందాం” అనును. కుందూ వంతెన దాక పోయి వచ్చునప్పటికి బావమఱది అంత చెడ్డవాడు కాడని తోచును. బిల్లు మాత్రము తగ్గదు.

పరుగు చేయలేని పనులు గూడ గలవు. 70 కిలోల మనుష్యుడు ఒక కిలోమీటరు పరుగెత్తిన వ్యయమగునది సుమారు 70 కెలోరీలు. పరుగునకు నేను వెళ్లు దారిలో, తిరిగివచ్చు వేళకు సరిగా, ఒక బండిమీద ఉగ్గాని కలుపుచు మిరపకాయ బజ్జీలు వేయుచుందురు. బజ్జీ నూనె పీల్చినట్లు నేను గాలిని పీల్చగలిగినచో ఎన్నడో ఒలింపిక్సునకు పోయి యుందును. నాలుగు కిలోమీటర్ల పుణ్యము నాలుగు నిమిషములలో ఖర్చగును. కుక్కలను గుఱించి వ్రాయను; అవియు ఆ వేళ వ్యాయామమునకే వచ్చును. వానకాలమున నల్లరేగడిలో కాలు మోపినవాడు ఇంటికి తెచ్చునది బూట్లు కావు, చెఱి యొక సెంటు పొలము.

పరుగును ద్వేషించువారి తుదియాయుధము జిమ్ ఫిక్స్. 1977లో పరుగుమీద గ్రంథము వ్రాసి అమెరికాను పరుగెత్తించిన యాతడు 1984లో పరుగెత్తుచునే గుండె ఆగి, 52వ యేట మరణించెను. మా కచ్చేరి మిత్రుడొకడు ఈ కథను సత్యనారాయణవ్రతకథ చదివినంత శ్రద్ధతో వినిపించును. అయితే ఆ కథకు ఒక పూర్వాధ్యాయము గలదు: ఫిక్సు తండ్రి 43వ యేటనే గుండెజబ్బుతో పోయెను, ఫిక్సు గూడ 35వ యేట పరుగు చేపట్టకముందు స్థూలకాయుడు, దినమునకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చినవాడు. తండ్రికంటె తొమ్మిదేండ్లు అధికముగా బ్రతికిన కొడుకు కథ, నా చెవికి, పరుగు పక్షమున సాక్ష్యము చెప్పుచున్నది. గుండెనొప్పి సూచనలు వచ్చినప్పుడు వైద్యునికి చూపించుకొనవలెనన్న మాటయు చెప్పుచున్నది; కాని నా మిత్రుడు ఆ మాట వినడు, వ్రతకథ వినువారు ప్రసాదము వైపు చూచుచుందురు గదా.

మారథాను దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. నంద్యాలనుండి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. నాలుగు సందులు చుట్టిన లెక్క సరిపోవును. జయవార్త మోసికొని పరుగెత్తి గ్రీకువీరు డేథెన్సు చేరి ప్రాణము విడిచెనని కథ. అటువంటి గతి నంద్యాలనుండి బయలుదేరినవానికి పట్టినను మా యేర్పాట్లు మెఱుగు: ఆళ్లగడ్డ శిలాశిల్పమునకు భౌగోళికగుర్తింపు గూడ లభించి యున్నది, శిలావిగ్రహమునకు వేఱొక యూరు పోనక్కఱలేదు. ఇంత అనుకూలముగా దారియు, దూరమును, శిల్పులును అమరి యుండగా ఏటేట ఇక్కడొక పరుగు జరుపరాదా యని రెండు పట్టణముల పెద్దలను వేడుకొనుచున్నాను. వేసవిలో మాత్రము వలదు. 45 డిగ్రీల యెండలో మా తారురోడ్డే పరుగెత్తునట్లుండును. మార్గశిరమో పుష్యమో మేలు, తెల్లవారుజామున నాలుగింటికే మొదలుపెట్టవలెను. చందా వెంటనే చెల్లింతును. నా పేరు మాత్రము దారిలోని సిరివెళ్ల వరకే వ్రాసికొని, అక్కడ ఉగ్గానికి ఏర్పాటు చేయ ప్రార్థన.