వాట్ల అన్న

చిన్న ఆర్కెస్ట్రా అన్నాక అందులో ఒక వాట్ల అన్న ఉంటాడు. పాడేవాళ్లు ఇద్దరు, ఒక కీబోర్డు, ఒక తబలా, ఒక రిథమ్ ప్యాడ్. ఎక్కువసార్లు ఆ ప్యాడ్ ముందు కూర్చున్నవాడే ఆయన.

రిసెప్షన్ల సీజన్లో అద్దె మైకుసెట్టుకి పోసే డబ్బుతో సొంతంగా ఒకటి కొనుక్కోవచ్చు కదా అని ఎవరో అంటారు. ఎవరన్నా సరే, ఆ క్షణం నుంచి ఆ పని అన్నదే. "ఎన్ని వాట్లు?" అని అడుగుతాడు, పెళ్లిచూపుల్లో పిల్లాడి జీతం అడిగినట్టు. చెప్పే జీతానికీ చేతికొచ్చే జీతానికీ ఉండే తేడా ఇక్కడా ఉంది. పెట్టె మీద 1000 అని వేసేది చాలాసార్లు క్షణకాలపు పీక్ లెక్క. నిలకడగా పలికేది సగమో, ఇంకా తక్కువో. ఇది అన్నకి తెలుసు. తెలిసీ 1000 వైపే మొగ్గుతాడు. వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కాస్త తేడా తెలుస్తుందంతే అని కీబోర్డు కుర్రాడు చెప్పబోతే, "నువ్వు కీస్ చూసుకో తమ్ముడూ" అంటాడు.

కోఠీ గుజరాతీ గల్లీలోని మైకుసెట్ల షాపులో అన్న ఫోన్లోంచి బేస్ దంచే పాటొకటి పెట్టించి కళ్లు మూసుకుంటాడు. షాపు అద్దాలు వణికితే తల ఊపుతాడు.

"అన్నా, ఒకసారి మైకు పెట్టి చూద్దామా?" అంటుంది గాయని.

న్యాయమైన మాట. స్టూడియోలో చెక్కి పంపిన పాట ఏ డబ్బాలోనైనా బాగానే ఉంటుంది. మనిషి గొంతులో మాట తెలుస్తోందా, కుయ్యిమనకుండా ఎంతదాకా పెంచొచ్చు అన్నదే చూసుకోవాల్సింది.

"అదంతా ఈక్యూలో సెట్ చేద్దాం చెల్లెమ్మా."

షాపతను సన్నటి కాలమ్ స్పీకరు చూపిస్తాడు. బోస్ వాళ్లు 2003లో ఎల్1 తెచ్చింది ఈ ఆలోచనతోనే: వాయించేవాళ్ల వెనకాల నిలబెడితే జనానికీ, వాళ్లకీ ఒకటే వినిపిస్తుంది, వేరే మానిటర్ల గోల తగ్గుతుంది. ఆటోలోనూ పడుతుంది. నన్నడిగితే అయిదుగురి జట్టుకి అంతకన్నా ఏం కావాలి! అన్న దాన్ని పైనుంచి కిందికి చూసి, "కర్రలా ఉంది. సౌండు కంటికి కూడా ఆనాలి కదా" అంటాడు.

కంటికి ఆనేవే వస్తాయి: పదిహేనంగుళాల టాప్ స్పీకర్లు రెండు, పద్దెనిమిదంగుళాల సబ్‌వూఫర్ ఒకటి. మొదటి ప్రోగ్రాం లిఫ్టు లేని హాల్లో రెండో అంతస్తు. తబలా ఆయన వేళ్లు కాపాడుకోవాలి, గాయకులు ఊపిరి దాచుకోవాలి, అన్నకి నడుం. కీబోర్డు కుర్రాడు మోస్తాడు.

టాపులు మైకుల వెనక పెట్టించింది కూడా అన్నే. మొదటి పల్లవి కన్నా ముందు కుయ్యిమన్న కూత హాలంతా చుట్టొస్తుంది. వాటిని ముందుకు జరిపాక పాట మొదలై, చరణం దాటకుండానే పెళ్లికూతురి తాతగారు చేతికర్రతో స్టేజీ దగ్గరికొస్తారు.

"కాస్త తగ్గించండయ్యా, చుట్టాలు మాట్లాడుకోవద్దూ?"

వాల్యూమ్ దించుతున్న అన్న మొహం వెలిగిపోతుంది. కుర్రాడి చెవి దగ్గరికి వంగుతాడు.

"చూశావా తమ్ముడూ? సగం కూడా పెట్టలేదు, అప్పుడే తగ్గించమంటున్నారు! ఇంకో సబ్ ఉంటేనా..."