నేను మందుల చీటీని

హరిపురం ఆస్పత్రి ఓపీ గదిలో డాక్టరమ్మ కలం కింద పుట్టాను నేను. ఉదయం బీపీకి ఆమ్లోడిపిన్, రెండు పూటలా అన్నం తిన్నాక సుగరుకి మెట్‌ఫార్మిన్, అడుగున కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె. దాని పక్కనే పెద్ద అక్షరాలతో ‘నొప్పి బిళ్లలు వద్దు’ అని రాశారావిడ. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుదేలు చేసిందో చూసినవాళ్లెవరూ ఆ మాట తేలిగ్గా తీసుకోరు.

నన్ను దాచుకున్నది మందసలో ఉండే ఒక మామ్మ. వయసులో ఉన్నప్పుడు పలాసలో జీడిపప్పు వొలిచింది. ఆమె ప్లాస్టిక్ కవర్లో నాకు తోడుగా రెండు కార్డులున్నాయి. ఒకటి 2007లో మొదలైన ఆరోగ్యశ్రీది. ఆ పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. రెండోది ఆయుష్మాన్ వయ వందన కార్డు. 70 ఏళ్లు నిండినవాళ్లకి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం. 2024 అక్టోబరులో ఆ ఏర్పాటు వచ్చాక మనవడు ఆధార్ నంబరుతో తీసిపెట్టాడు.

ఆ ధీమాతోనే మామ్మ మందుల షాపులో కార్డు చూపించింది.

“ఏటి బావూ, అయిదు లచ్చల కారుడట కదా, ఈ బిళ్లలకి పనికిరాదేటి?”

“ఆస్పత్రిలో జాయినైతేనే అది మామ్మా. బిళ్లలకి డబ్బులే ఇవ్వాలి.”

కుర్రాడు చెప్పింది నిజమే. ఆయుష్మాన్ కార్డు మీద ఆస్పత్రిలో చేరితే లోపలి మందులు, ఇంటికొచ్చాక 15 రోజుల మందులు వస్తాయి. డయాలసిస్‌కీ కార్డు ఆదుకుంటుంది. ఇంట్లో ఉండి రోజూ మింగే బిళ్లకి మాత్రం బీమా లేదు. డబ్బులు చాలని నెలలో మామ్మ రోజు విడిచి రోజు వేసుకునేది. బీపీ అదుపు తప్పితే మొదట దెబ్బ తినేవి కిడ్నీలు, గుండె, మెదడు. పక్షవాతం వచ్చి పడ్డాక లక్షలిచ్చే పథకం, దాన్ని ఆపే బిళ్లకి రూపాయి ఇవ్వకపోవడం పెద్ద లోటు. అమెరికాలో 65 దాటినవాళ్లకి 2006 నుంచి మందుల చీటీకే విడిగా బీమా ఉంది, పార్ట్ డి అని. ప్రీమియం కట్టాలి, కానీ ఆ బీమా వర్తించే మందులకి చేతి నుంచి పెట్టే ఖర్చు 2025లో 2,000 డాలర్లు దాటకుండా హద్దు పెట్టారు. మన పెద్దలకీ అలాంటిదొకటి కావాలని అడగాల్సిందే.

ప్రైవేటు పాలసీ కొందామన్నా ఓపీ మందులకి వర్తిస్తుందో లేదో ముందే అడగాలి. 65 ఏళ్ల వరకు ఉన్నవాళ్లకి పాలసీ ఇస్తే చాలన్న నిబంధన 2024లో తొలగింది. అయితే అప్పటికే ఉన్న బీపీ, సుగరులకి మూడేళ్ల వరకు ఆగమనవచ్చు.

నన్ను పట్టుకుని ఏఎన్ఎం దగ్గరికి వెళ్లమని పక్కింటి కోడలు చెప్పింది. అప్పట్నుంచి మామ్మకి దారి దొరికింది. ఊళ్లోకి 104 బండి వచ్చిన రోజున బీపీ చూసి బిళ్లలు ఊరికే ఇస్తున్నారు. అక్కడ లేని మందుకి జన ఔషధి కేంద్రం ఉంది. కంపెనీ పేరు లేని అదే మందు అక్కడ సగం ధరకీ, కొన్నైతే ఇంకా తక్కువకీ వస్తుంది. డాక్టరుగారు నా మీద మందు అసలు పేరు రాశారు కాబట్టి వెతుక్కోవడం సులువైంది.

మోకాళ్ల నొప్పికి సూది వేయించుకుందామని బయల్దేరినా మామ్మ నన్ను వెంట తీసుకెళ్లాలి. నా అడుగున రాసిన ‘నొప్పి బిళ్లలు వద్దు’ అన్న మాట ఆ సూది వేసేవాళ్ల కంట పడాలి.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ వారమే వాళ్ల కవరు తెరిచి చూడండి. ఏ కార్డు ఎక్కడ చెల్లుతుందో వాళ్లకి అర్థమయ్యేలా చెప్పండి. డబ్బుల్లేక ఏ బిళ్ల మానేశారో అడగండి. అడిగితే తప్ప వాళ్లు చెప్పరు.